ద్రొజ్దోవ్ మార్చిన ఆఖరి రంగం

మా ఊళ్ళో హత్య జరిగితే చూసినవాడు ఒక్కడూ దొరకడు. ద్రొజ్దోవ్ హత్యని మాత్రం ఊరంతా టిక్కెట్టు కొనుక్కుని వచ్చి చూసింది. చూసి, చప్పట్లు కూడా కొట్టింది.

నేను కొట్టలేదు. అనుమానం వచ్చి కాదు. మా ఊరి నాటక సమాజానికి నేనెప్పుడూ చప్పట్లు కొట్టను. కోర్టు విచారణాధికారినైన నాచేత, కిరిల్ సవ్విచ్ జిమిన్ చేత, రెండు శీతాకాలాలు నౌకరు వేషం వేయించి, చేతిలో పళ్ళెం పెట్టి, "టీ సమొవార్ సిద్ధం, అమ్మగారూ" అనిపించారు. ఆ ఒక్క ముక్కా సరిగ్గా అనలేదని తరవాత మా పత్రికవాడు రాశాడు. ఆ రోజు నుంచీ ఈ సమాజం వాళ్ళ మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మంట.

జరిగింది ఇదీ. కరువు బాధితుల కోసమని వర్తక సంఘం హాల్లో నాటకం వేశారు. రాసింది ద్రొజ్దోవ్. కథలూ నాటకాలూ రాసి రాజధానిలో పేరు తెచ్చుకుని, ఆ పేరు ఇక్కడ మా నెత్తిన రుద్దడానికి ఊరవతల ఎస్టేటు కొనుక్కున్నవాడు. భర్త వేషం తనే వేశాడు. భార్య వేషం గ్లఫీరా ఆర్కాద్యెవ్నాది, అంటే మా పోలీసు అధిపతి అపల్లోన్ రొదియొనొవిచ్ ఖ్వొస్తోవ్ గారి భార్యది. నాటకంలో ఉన్నదే ఒక్క ఆడ వేషం, అది ఇంకెవరికి పోతుంది! ఆఖరి రంగంలో భార్య భర్తని పిస్తోలుతో కాల్చాలి. కాల్చింది. పిస్తోల్లో ఉండాల్సింది ఉత్తి మందూ, ఓ గుడ్డ ఉండా. కానీ సీసపు గుండు కూడా ఉంది. ద్రొజ్దోవ్ పడ్డాడు, గ్లఫీరా మూర్ఛపోయింది, తెర పడింది, జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

తెల్లారేసరికి ఖ్వొస్తోవ్ హంతకురాల్ని పట్టేశాడు. మిస్ పెల్ అనే ఇంగ్లీషామె. ద్రొజ్దోవ్ కథల్ని ఇంగ్లీషులోకి మారుస్తూ ఆయన ఎస్టేటులోనే ఉంటోంది. నాటకం మొదలయ్యే ముందు ఆవిడ సామాన్ల గదిలోంచి బయటికి రావడం వాచ్‌మన్ చూశాడట. పిస్తోలు ఉన్నది ఆ గదిలోనే. అంతకు మించి ఖ్వొస్తోవ్ బుర్రకి ఇంకేం కావాలి? పరదేశి కాబట్టి మధ్యాహ్నం రైలుకి గవర్నరు గారి జైలుకి పంపేస్తానన్నాడు. ఆ రైలు ఎక్కిందంటే కేసు నా చేతుల్లోంచి పోతుంది, ఆవిడ సైబీరియా పోతుంది. నేను తిన్నగా పోలీసు కొట్టుకి వెళ్ళాను, వెంట నా గుమాస్తా సొఫ్రోన్.

మిస్ పెల్ బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. టోపీ కూడా తియ్యలేదు.

"సుప్రభాతము, మహాశయా," అంది. "నన్ను ఎప్పుడు విడిచిపెట్టెదరు?"

ఈవిడ మా భాష పుస్తకాల్లోంచి నేర్చుకుంది. తప్పు ఒక్కటీ ఉండదు, వింటే మాత్రం చెవుల్లో చీమలు పాకినట్టు ఉంటుంది.

"విడిచిపెట్టేది లేదమ్మా, రైలెక్కించేదే," అన్నాను. "కనక త్వరగా చెప్పండి. మొన్న అందరి ముందూ ద్రొజ్దోవ్‌తో గొడవ పడ్డారు. ఎందుకు?"

"ఆయన నా గ్రంథమును పొయ్యిలో పడవేసిరి."

"ఏ గ్రంథం?"

"లండనులో అచ్చయిన గ్రంథము. వారి కథలకు నా అనువాదము. నేను ముగింపులు మార్చితినని వారికి ఆగ్రహము కలిగెను."

"ఎన్ని కథలకి మార్చారు?"

"అన్నిటికిని," అంది, ఏమాత్రం సిగ్గుపడకుండా. "మా పాఠకులు ముగింపు లేని కథను సహింపరు. మీరు ఆ స్టేషను కథ చదివితిరా? గుమాస్తా తన తమ్ముని కొరకు వేచియుండును. వాన కురియును. తమ్ముడు రాడు. గుమాస్తా టోపీ దులుపుకొని ఇంటికి పోవును. ఇది ఏమి కథ?"

నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను ఆ కథ చదివినప్పుడు. ద్రొజ్దోవ్ కథలన్నీ అంతే. ఎవరో టీ తాగుతారు, ఎవరో కిటికీలోంచి చూస్తారు, అయిపోతుంది. మా ఊరి చదువుకున్నవాళ్ళు మాత్రం అబ్బ ఏం లోతు అని కళ్ళు తుడుచుకుంటారు.

"మరి మీ ఇంగ్లీషులో తమ్ముడు వచ్చాడా?"

"వచ్చెను. తనతో నొక వధువును కూడ తీసికొని వచ్చెను."

సొఫ్రోన్ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాకు మాత్రం ఒక్క సంగతి తేలిపోయింది. ఈ పని చేసినందుకు ద్రొజ్దోవ్ ఈవిణ్ణి చంపాలి గానీ, ఈవిడ ద్రొజ్దోవ్‌ని ఎందుకు చంపుతుంది?

"సరే. సామాన్ల గదికి ఎందుకు వెళ్ళారు?"

"ద్రొజ్దోవ్ గారిని వెదకుచు. క్రొత్త ముగింపులో నాకొక సందేహము కలదు. అచట ఎవరును లేరు. వెనుదిరిగితిని."

"కొత్త ముగింపేమిటి?"

ఆవిడ నా మొహంలోకి ఆశ్చర్యంగా చూసింది. "పోలీసు అధిపతి గారు మీకు చెప్పలేదా? రాత్రియే వారికి విన్నవించితిని. ఈ పిచ్చిది టీ గురించి వాగుచున్నదని వ్రాసికొనిరి."

నేను బల్ల ముందుకి లాక్కుని కూర్చున్నాను.

"నిన్న మధ్యాహ్నము టీ సమయమున ద్రొజ్దోవ్ గారు నవ్వుచు వచ్చిరి. నీకు ముగింపులనిన ఇష్టము గదా, ఇదిగో దీనిని నీ ఇంగ్లీషులో చెప్పుము అని, రెండు పుటలు చదివి వినిపించిరి. ఆ క్షణముననే నా మనసులో అనువదించితిని. భార్య పిస్తోలు ఎత్తును. భర్త కదలడు. ఆమె వానిని చూచును. పిమ్మట పిస్తోలును బల్లమీద పెట్టి, 'టీ చల్లారిపోయింది, సమొవార్ మళ్ళీ వేడిచెయ్యమని చెప్పండి' అనును. తెర."

"అంతేనా?"

"అంతియే. తుపాకి ప్రేలదు. నాకు మిక్కిలి నిరుత్సాహము కలిగెను."

తుపాకి పేలకూడని నాటకంలో తుపాకి పేలింది.

"ఈ కొత్త రంగం సంగతి ఇంకెవరికి తెలుసు? ప్రాంప్టరుకి?"

"తెలియదు. ఒక్క వాక్యమునకు ప్రాంప్టరు ఏల అనిరి. ఆ పుటలు గ్లఫీరా ఆర్కాద్యెవ్నా గారికి మాత్రము ఇచ్చెదనని, ఇతరులు వేదికపై చూచి నోళ్ళు తెరవవలెనని అనిరి."

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. ఖ్వొస్తోవ్. మనిషి కంటే మీసం ముందొస్తుంది ఎప్పుడూ.

"ఏమయ్యా కిరిల్ సవ్విచ్, మా కొట్టులో నాటకం రిహార్సలు పెట్టావా?" అన్నాడు. "మళ్ళీ ఆ టీ కథేనా? నాకు రాత్రంతా అదే వినిపించింది. చెవులు కడుక్కున్నా పోలేదు."

"అపల్లోన్ రొదియొనొవిచ్, మీరు విన్నది రాసుకుని ఉంటే నేను ఇంత దూరం వచ్చే పని ఉండేది కాదు."

"ఏం రాయను? కాగితం ఉందా? లేదు. ద్రొజ్దోవ్ ఎస్టేటంతా వెతికించాను, అలాంటి పుటలే లేవు. ఎప్పుడూ లేని రంగాన్ని ఇంగ్లీషులో గుర్తుపెట్టుకున్న మనిషి మాట నమ్మి నేను కేసు మూసెయ్యాలా? నీకు పని లేకపోతే చెప్పు, మా కానిస్టేబుళ్ళ బూట్లకి మట్టి అంటింది, తుడుద్దువుగాని."

"మీ కానిస్టేబుళ్ళ బూట్ల మట్టే రాత్రి సాక్ష్యాలన్నిటినీ తొక్కి నాశనం చేసింది. అది తుడవడానికి నాకు జీవితం చాలదు."

ఆయన మీసం వణికింది. "సాక్ష్యాలా? సాక్ష్యం నేనే పట్టుకున్నాను. రా, చూపిస్తాను. చూశాక రైలు కాగితం మీద సంతకం పెట్టు. నీ సంతకం లేకపోతే జైలువాళ్ళు తీసుకోరట, ఆ దరిద్రపు చట్టం ఏ దద్దమ్మ రాశాడో!"

వర్తక సంఘం హాలు వెనక సామాన్ల గది. మధ్యలో బల్ల, రాత్రి పిస్తోలు ఉన్నది దాని మీదే. బల్ల పక్కన నేల మీద ఒక పెద్ద రంగుల తెర పరిచి ఉంది. రాబోయే నాటకానికని బర్చి చెట్ల తోపు వేస్తున్నారు. నీడలకని పూసిన, జిగురు కలిపిన నీలం రంగు చలికాలం తొందరగా ఆరి చావదు. తోపు మధ్యలో, బల్లకి రెండడుగుల దూరంలో, ఒక మనిషి కూర్చున్న గుర్తు ఉంది.

"చూశావా?" అన్నాడు ఖ్వొస్తోవ్, పెళ్ళికొడుకు తండ్రిలా ఛాతీ విరిచి. "జారి పడింది. పిస్తోల్లో గుండు వేసి, కంగారుగా వెనక్కి తిరిగి, జారి కూలబడింది. ఇంకోటి చూడు, అంచంతా గీతలు. అవి గుడ్డ మడతలు. లంగా మడతలు! పంట్లాంకి ఇలా పడవు. కొలిచి మరీ చూశాను. రాత్రి తెర వెనక ఉన్న ఆడవాళ్ళు ఇద్దరే. ఒకరు ఈ ఇంగ్లీషామె. రెండోది నా భార్య. నా భార్యని అనుమానిస్తావా?"

"ఆవిడ ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటుంది! రాత్రి నుంచీ మంచం మీద పడి ఏడుస్తోంది. గదిలోంచి బయటికి కూడా రాలేదు. ఎవడో పెట్టిన గుండుకి తన చెయ్యి బలైందని కుమిలిపోతోంది."

నేను మోకాళ్ళ మీద వంగాను. జారి పడ్డవాళ్ళు ఇలా పడరు. కాళ్ళు ముందుకి దూసుకుపోతాయి, రంగు మీద చార పడుతుంది. పడేటప్పుడు ఎవరైనా సరే చెయ్యి ఊనుకుంటారు. ఇక్కడ చారా లేదు, చెయ్యీ లేదు. ఎవరో తీరిగ్గా, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, లేచి వెళ్ళారు. కూర్చున్న గుర్తు మధ్యలో ఇంకో వింత ఉంది. అరచేతి కంటే కొంచెం పెద్దగా, నాలుగు మూలలూ తీర్చినట్టు, ఒక నలుచదరం మేర రంగు పలచగా లేచిపోయింది.

"ఈ నలుచదరం ఏమిటి, అపల్లోన్ రొదియొనొవిచ్?"

"ఏదో అట్టముక్క. నాకేం తెలుసు?"

"మీరెప్పుడైనా నాటక సమాజం రిహార్సలుకి వచ్చారా?"

"నాకంత తీరికా లేదు, అంత మతీ పోలేదు," అన్నాడు. "పెద్దమనుషులు మొహాలకి రంగు పూసుకుని గంతులెయ్యడం! మా ఆవిడ గ్లాషా సరదా పడితే ఊరుకున్నాను. సరే, చూశావుగా. సంతకం?"

"ఇంకా చూడాలి."

"చూసుకో. నేను ఆ ఇంగ్లీషు బొమ్మని బండెక్కించుకుని ఇటే వస్తాను. అప్పుడు కూడా సంతకం పెట్టకపోతే గవర్నరు గారికి తంతి కొడతాను, విచారణాధికారికి మతి చలించిందని." తలుపు విసిరికొట్టి పోయాడు.

సొఫ్రోన్ నా వైపు దిగులుగా చూశాడు. "అయ్యా, ఆయనన్నదాంట్లో లంగా మడతల సంగతి నిజంలానే ఉందండీ."

"నిజమే. పాపం, జన్మలో మొదటిసారి ఒక్క నిజం కనిపెట్టాడు. దాంతోనే మునిగాడు," అన్నాను. "ఏదీ, నీ చేతిలో కాగితాలు కింద పడెయ్."

పడేశాడు.

"ఇప్పుడు తియ్యి."

వంగి తీశాడు.

"చూశావా, నువ్వు వంగి తీశావు. ఎవరైనా అంతే. నేను నౌకరు వేషం వేసిన ఏడు నా పోర్షను, అంటే నా మాటలు రాసిచ్చిన కాగితం, పెరట్లో బురదలో పడింది. వంగబోతే అందరూ కెవ్వున అరిచారు. పోర్షను కింద పడితే ముందు దాని మీద కూర్చోవాలట. కూర్చుని, దాంతోపాటే లేవాలట. లేకపోతే వేషం పాడవుతుందట. పట్టణాల నుంచి వచ్చే నటుల దగ్గర నేర్చుకున్న చాదస్తం. అసలు నటులైనా ఒక్కోసారి మానేస్తారేమో గానీ, మన ఊరి పెద్దమనుషులు ప్రాణం పోయినా మానరు. నన్ను బురదలో కూలబెట్టేదాకా వదల్లేదు. గ్లఫీరా ఆర్కాద్యెవ్నా అయితే భుజాలు పట్టి నొక్కింది."

సొఫ్రోన్ నలుచదరం వైపు చూశాడు, దాని చుట్టూ ఉన్న మడతల వైపు చూశాడు. నోరు తెరుచుకుంది.

"మిస్ పెల్‌కి వేషం లేదు," అన్నాను. "పోర్షను లేని మనిషి దేని మీద కూర్చుంటుంది? పోనీ మిగిలినవాళ్ళా? వాళ్ళ పోర్షన్లు నెల కిందటే కంఠతా వచ్చేశాయి. నాటకం రోజు చేతిలో కాగితాలు పట్టుకుని తిరగాల్సిన అవసరం ఒక్కరికే వచ్చింది. కొత్త పుటలు అందుకున్న మనిషికి."

మేకప్ గది పక్కనే. తలుపు దగ్గరికి వేసి ఉంది, లోపల పొయ్యి మండుతున్న చప్పుడు. మంచం మీద పడి ఏడుస్తున్న గ్లఫీరా ఆర్కాద్యెవ్నా పొయ్యి ముందు నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా లేవు. ఆఖరి రంగంలో వేసుకున్న నల్ల గౌను కుర్చీ వీపు మీద ఆరేసి ఉంది, ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"తలుపు తట్టాలని మీకెవరూ నేర్పలేదా, కిరిల్ సవ్విచ్?" అంది.

"నౌకరు వేషానికి తలుపు తట్టే సన్నివేశం ఇవ్వలేదమ్మా మీరు. ఒంట్లో ఎలా ఉంది?"

"బాగాలేదు. సామాన్లు తీసుకెళ్దామని వచ్చాను. ఇంక ఈ గుమ్మం తొక్కను."

"గౌను మీరే ఉతికారేం? ఇంట్లో పనిమనిషి లేదా?"

ఆవిడ గౌనుకి అడ్డంగా రెండడుగులు జరిగింది. నేను చుట్టూ తిరిగి వెళ్ళి చూశాను. వెనక భాగం అంతా నీలం చాయ. జిగురు రంగు నీళ్ళకి కొంచెం పోతుంది, మిగిలింది పట్టుకు కూర్చుంటుంది. రాత్రి ఆఖరి రంగంలో ఈవిడ ఒక్కసారీ జనానికి వీపు తిప్పలేదు. అడుగులు వెనక్కి వేస్తూ నడిచింది. అబ్బో, నటన నేర్చుకుందే అనుకున్నాను నేను కూడా.

"పోర్షను పడింది. కూర్చున్నాను," అంది చాలా మామూలుగా. "మీరూ కూర్చున్నారు ఒకప్పుడు. మీకు బురద, నాకు రంగు. ఇది నేరమా?"

"ఏ పోర్షనమ్మా? మీ పాఠం మీకు నెల కిందటే వచ్చు."

ఆవిడ నవ్వింది. తెలివైన మనిషి, అది ఒప్పుకోవాలి. ఆ సమాజంలో అంత తెలివి ఉన్నది ఆవిడొక్కతేనేమో.

"ఆ ఇంగ్లీషామె చెప్పేసిందన్నమాట. అవును, ఇచ్చాడు. తెర లేచే రోజున మధ్యాహ్నం తెచ్చి చేతిలో పెట్టాడు. నెల రోజులు ఒక రకంగా నేర్చుకున్నదాన్ని ఒక్క పూటలో మార్చమంటే ఎలా? కంగారుపడ్డాను. పాతదే చేశాను. చెయ్యి అలవాటుగా మీట నొక్కేసింది. గుండు ఎవరు పెట్టారో నాకేం తెలుసు?"

"ఆ పుటలేవీ?"

"పారేశాను. చచ్చినవాడి చేతిరాత చూస్తే భయం వేసింది." కళ్ళు పొయ్యి మీదికి పోయి వెనక్కి వచ్చాయి.

ఇంక ఏం చెయ్యను? ఆవిడ చెప్పిన ప్రతి ముక్కా అతికేలా ఉంది. రంగు ఉంది, గుర్తు ఉంది, పోర్షను ఉంది, వీటిలో ఏదీ గుండు ఎవరు వేశారో చెప్పదు. జడ్జీల ముందు ఏ లాయరైనా ఒక్క పూటలో ఉతికి ఆరేస్తాడు. బయట బండి గంటలు వినిపించాయి. మిస్ పెల్‌ని తీసుకొచ్చేశారు. నాకు ఆ ఇంగ్లీషామె మీద ప్రేమేం లేదు. కథలన్నిటికీ పెళ్ళిళ్ళు చేసే మనిషి మీద ఎవరికి ప్రేమ ఉంటుంది? కానీ చెయ్యని హత్యకి ఆవిణ్ణి సైబీరియా మంచులో నడిపించడానికి నాకు మనసొప్పలేదు.

"మీకు ఆ కొత్త ముగింపు నచ్చలేదా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

మొట్టమొదటిసారి ఆవిడ మొహంలో రంగు మారింది. "నచ్చడానికేముంది అందులో? టీ! చేతిలో పిస్తోలు పట్టుకున్న ఆడది టీ అడుగుతుందట! ఎందుకిలా రాశావంటే ఏమన్నాడో తెలుసా?" అని, చటుక్కున నోరు మూసుకుంది. "ఏమీ అనలేదు. వదిలెయ్యండి."

ఇంతలో ఖ్వొస్తోవ్ లోపలికి వచ్చాడు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. భార్యని చూసి ఆగిపోయాడు. తడి గౌనుని చూశాడు. నన్ను చూశాడు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?"

"మీ భార్యని ప్రశ్నిస్తున్నాను," అన్నాను. "ఆ తెర మీద కూర్చున్నది ఆవిడే. ఒప్పుకున్నారు."

ఆయన మొహం కందగడ్డ అయింది. "గ్లాషానా? నీకు నిజంగానే మతి చలించింది! గ్లాషా మనిషిని చంపుతుందా? ఇంట్లో కోడిని కొయ్యమంటే వంటమనిషి చాటున దాక్కుంటుంది. ఎలుకని చూస్తే కుర్చీ ఎక్కుతుంది. ఒక్క పని మొదలుపెట్టి చివరిదాకా చేసింది లేదు. పియానో అంది, మానేసింది. కుట్టుపని అంది, మానేసింది. ఆవిడకి అంత గుండె ఎక్కడిది? ఆవిడ వల్ల కాదయ్యా! వట్టి మెత్తని మనిషి!"

నేను ఆయన వైపు చూడటం లేదు. గ్లఫీరా వైపు చూస్తున్నాను. కోడి అన్నప్పుడు ఆవిడ పెదవి కొరుక్కుంది. పియానో అన్నప్పుడు పిడికిలి బిగుసుకుంది. 'ఆవిడ వల్ల కాదు' అన్న మాటకి ముక్కుపుటాలు అదిరాయి. ఇందాక నోటిదాకా వచ్చి ఆగిపోయిన ద్రొజ్దోవ్ మాట ఏమై ఉంటుందో నాకు అప్పుడు తట్టింది. నాకు దేవుడిచ్చిన విద్య ఒక్కటే, ఎదటివాణ్ణి చులకన చెయ్యడం. జీవితమంతా ఊరికే వాడాను. ఆ పూట పనికోసం వాడాను.

"మీరన్నది నిజమే, అపల్లోన్ రొదియొనొవిచ్," అన్నాను నిట్టూర్చి. "నేనే పొరబడ్డాను. ద్రొజ్దోవ్ కూడా ఆవిడతో అదే అన్నాడట కదా. నువ్వు కాల్చవు అని. మనుషుల్ని చదివినవాడు, ఊరికే అంటాడా? ఏదీ ఆ కాగితం, సంతకం పెడతాను. ఆ ఇంగ్లీషామెకి గుండె ఉంది. మీ ఆవిడకి ఎక్కడ? ఆవిడ టీ అడిగే రకమే."

సొఫ్రోన్ నాకేదో అయిందనుకున్నట్టు చూశాడు. నేను కలం సిరాలో ముంచాను.

"ఆగండి," అంది గ్లఫీరా.

నేను కలం ఆపాను.

"నువ్వు కాల్చవు గ్లాషా, అన్నాడు. ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళో అందరూ నన్ను చూసి నవ్వేలా వాడి వెనక తిరిగినదాన్ని. పాతది అబద్ధం, ఇదే నిజం, నీలాంటివాళ్ళు ఎవర్నీ కాల్చరు, టీ అడుగుతారు, నిన్ను చూసే రాశాను, అన్నాడు. నవ్వుతూ అన్నాడు!" వేదిక మీద కంటే బాగా పలికింది. "ఆ ఇంగ్లీషు బొమ్మకా గుండె ఉంది? గుండు నేను పెట్టాను, కిరిల్ సవ్విచ్. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి మా ఆయన వేట సంచీలోంచి తీసుకొచ్చాను. కళ్ళు తెరుచుకునే కాల్చాను. మీట నొక్కబోయే ముందు వాడి మొహంలోకి చూశాను. అప్పటికీ నవ్వుతున్నాడు, టీ అడుగుతానని. రాసుకోండి."

సొఫ్రోన్ కలం గరగరలాడింది. కానిస్టేబుళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. గ్లఫీరా తల ఎత్తి మొగుడి వైపు చూసింది, ఇప్పుడేమంటావ్ అన్నట్టు.

ఖ్వొస్తోవ్ గోడ పట్టుకుని కూర్చున్నాడు. కుర్చీలో కాదు, నేల మీద. మీసం ఊడిపోయినట్టు చిన్నగా కనిపించాడు.

"ఎందుకు చెప్పావు గ్లాషా?" అన్నాడు. "వీళ్ళ దగ్గర ఏమీ లేదు. ఇంకో గంట నోరు మూసుకుని ఉంటే ఆ రైలు వెళ్ళిపోయేది."

గ్లఫీరా ముందు అర్థం కానట్టు చూసింది.

"నీకు తెలుసా?"

"రాత్రే సంచీ చూసుకున్నాను. ఒక గుండు తక్కువ."

"తెలిసీ... తెలిసీ కోడి అన్నావా? నా వల్ల కాదని అన్నావా?"

"మరేమననే!" అని అరిచాడు ఖ్వొస్తోవ్. "నా పెళ్ళానికి ఆ ధైర్యం ఉందని నేనే చెప్పనా?"

ఆవిడ మొగుడి పక్కనే నేల మీద కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన తియ్యలేదు. నేనేదైనా అంటానేమోనని కానిస్టేబుళ్ళు నా వైపు చూశారు. ఖ్వొస్తోవ్‌ని అనడానికి నా దగ్గర ఎప్పుడూ మాటలకి కరువు లేదు. ఆ పూట మాత్రం కలం తుడిచి పక్కన పెట్టాను.

"వెళ్ళి బండిలోంచి ఆ ఇంగ్లీషామెని దింపండి," అన్నాను వాళ్ళతో. "చలిలో కూర్చుని ఉంది."